పెన్న యొడ్డున రాయల కాలములు

తాడిపత్రి పట్టణమున పెన్నానది యొడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆలయము కలదు. బుగ్గ యనగా భూమినుండి ఉబికి వచ్చెడి నీటి ఊట. గర్భాలయమునందు లింగము చుట్టును ఈ ఊటనీరు నిలిచియుండును. అనంతపురము జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు సకాలమున కురియునన్న నమ్మకము లేదు. పెన్నలో నీరు పారు దినములకంటె ఇసుక మెరయు దినములే యెక్కువ. అట్టిచోట ఎండని ఊటను చూచి, అది దైవసన్నిధియని తలంచి గుడి కట్టినవారి మనస్సు ఈ సీమవారికి ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ ఆలయమునకు ఉత్తరమునను దక్షిణమునను రెండు గోపురములు కలవు. వానికి శిఖరములు లేవు. అడుగుభాగము మాత్రమే నిలిచియున్నది. కాని ఆ అడుగుభాగమునందు చెయ్యి పట్టునంత చోటైనను చెక్కక విడువలేదు. నలుపును పచ్చదనమును కలిసిన గట్టిరాతిలో, కంసాలి బంగారమును చెక్కినట్లు, బొమ్మలను లతలను చెక్కిరి. భారతదేశ శిల్పములను గూర్చి 1876లో పెద్ద గ్రంథము ప్రకటించిన జేమ్సు ఫెర్గూసన్ ఈ గోపురముల పనితనమును మిక్కిలి మెచ్చుకొనెను.

నేను ఉపాధ్యాయుడనుగా ఉన్న దినములలో ఒకమారు ఎనిమిదవ తరగతి బాలురను ఈ గుడికి తీసికొనిపోయితిని. అందులో ఒక బాలుడు గోపురము క్రింద నిలిచి, "అయ్యవారూ! ఇది ఎవరి కాలమునాటిది?" అని యడిగెను. "రాయల కాలమునాటిది" అంటిని. "ఏ రాయలు?" అని వాడు మరల నడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ దినమున నాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

మన సీమలో పాతదెల్ల రాయల కాలమే. పాడుపడిన కోట రాయలది, పూడిపోయిన బావి రాయలది, ఊరిబయట ఒంటిగా నిలిచిన రాతిస్తంభమును రాయలదే. ఆ రాయలెవరని యడిగినచో నూటికి తొంబదిమంది శ్రీకృష్ణదేవరాయలనే చెప్పుదురు. ఆయన రాజ్యము చేసినది 1509 మొదలు 1529 వరకు ఇరువదియేండ్లు మాత్రమే. విజయనగర సామ్రాజ్యము మూడువందల యేండ్లకు పైగా నిలిచినది. ఆ మూడువందల యేండ్లను ఇరువదియేండ్లలో కుదించుట మన అభిమానమునకు గుర్తేగాని చరిత్ర కాదు.

కథలు కల్పించువారు ఒక సామ్రాజ్యమును కల్పింపవలసివచ్చిన, పని సులభముగా ముగించుకొందురు. ఒక వీరుడు స్థాపించును, ఒక మహారాజు వృద్ధిచేయును, ఒక యవివేకి యుద్ధమున ఓడి పోగొట్టును. యుగములు మూడు, కథ ముగిసినది. విజయనగరమును కూడ చాలమంది ఇట్లే చదివిరి. నిజమైన సామ్రాజ్యము ఇంత చక్కగా మూడు తునుకలు కాదు. ఎక్కడ ఒక కాలము ముగిసి మరియొకటి మొదలైనదో ఆ కాలమున బ్రదికినవారికే తెలియకపోవచ్చును.

చరిత్రకారులు ఈ సామ్రాజ్యకాలమును ఏలిన వంశములనుబట్టి నాలుగు భాగములు చేసిరి. సంగమ వంశము 1336 మొదలు 1485 వరకు, సాళువ వంశము 1485 మొదలు 1505 వరకు, తుళువ వంశము 1505 మొదలు సుమారు 1570 వరకు, పిదప ఆరవీటి వంశము పదునేడవ శతాబ్ది నడుమ దాటువరకు. ఈ లెక్క గుర్తుంచుకొనుటకు మంచిదే. అయినను నూటయేబదియేండ్ల సంగమవంశమును ఇరువదియేండ్ల సాళువవంశమును ఒకే వరుసలో నిలిపి సమానముగా చదువుట, నాలుగు మైళ్ల బాటను నాలుగడుగుల బాటను ఒక్కతీరున వర్ణించుటవంటిది.

ఈ సంవత్సరములు మనకెట్లు తెలిసినవి? ముఖ్యముగా రాతిశాసనములవలనను, రాగిరేకులవలనను. వానిలో నేటి క్రీస్తుశకము కానరాదు. శాలివాహన శకవర్షమును, ప్రభవాది సంవత్సరముల పేరును, మాసమును, పక్షమును, తిథిని, తరచుగా వారమును వ్రాయుదురు. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తు సంవత్సరము వచ్చును. అయితే మన సంవత్సరము ఉగాదికి మొదలగును గనుక, పుష్య మాఘ ఫాల్గుణములలో జనవరి దాటిన తిథులకు 79 కలుపవలెను. లెక్క సరియైనదో కాదో చూచుకొనుటకు ప్రభవాదుల పేరు సాక్షి. 1987 ఉగాదికి ప్రభవ వచ్చినది. అరువదేసి యేండ్లు వెనుకకు పోయిన 1507, 1447, 1387, 1327 కూడ ప్రభవలే. కడప జిల్లా పోరుమామిళ్లలోని శాసనమున శకవర్షము 1291, సౌమ్యనామ సంవత్సరము అని యున్నది. 1291కి 78 కలిపిన 1369. ప్రభవ 1327 గనుక 1369 నలుబదిమూడవది. నలుబదిమూడవ పేరు సౌమ్యయే. రెండు లెక్కలును కలిసినవి. ఎవరో ఆరువందల యేండ్లక్రిందట చెక్కిన మాటను మీరు మీ పలకమీద సరిచూడవచ్చును.

మొదటి కాలమును చూతము. సంగముని కుమారులు హరిహరరాయలు, బుక్కరాయలు తుంగభద్రాతీరమున విజయనగరమును స్థాపించిరి. 1336 అనునది సంప్రదాయముగా వచ్చుచున్న సంవత్సరము. విద్యారణ్యస్వామి ఆశీస్సును గూర్చిన గాథ మీరందరు వినియేయుందురు. బుక్కరాయల కుమారుడు కంపరాయలు దక్షిణమున మధుర వరకు దండెత్తి గెలిచెను. ఆయన భార్య గంగాదేవి ఆ విజయమును సంస్కృతమున 'మధురావిజయము' అను కావ్యముగా రచించెను. స్త్రీ తన భర్త యుద్ధమును కావ్యముగా వ్రాసిన ఉదాహరణము మన ప్రాచీనసాహిత్యమున అరుదు.

యుద్ధముల మాట అట్లుండనిండు. మన కరవుసీమకు ఆ మొదటి కాలము మిగిల్చినవి చెరువులు. అనంతపురము చెరువు 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు కట్టించినదని జిల్లా చరిత్ర. ఆ చెరువుతోడనే ఊరును వెలసెను. దగ్గరనే యున్న బుక్కరాయసముద్రము పేరులోనే రాజు పేరున్నది. ఊరు పుట్టి పిదప చెరువు త్రవ్వుకొనుట ఇతరసీమల ఆచారము. ఇక్కడ చెరువు పుట్టినపిదపనే ఊరు పుట్టవలెను.

పైన చెప్పిన పోరుమామిళ్ల శాసనమును కొంచెము నిలిచి చదువవలెను. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యమును పాలించుచు ఈ చెరువును కట్టించెను. చెరువు కథను సంస్కృతమున రెండు పెద్ద రాళ్లమీద చెక్కించి భైరవాలయము నెదుట నిలిపిరి. దినమునకు వేయిమంది కూలివాండ్రు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల పని అని అందులో లెక్క వ్రాసిరి. అంతటితో ఆగలేదు. మంచి చెరువునకు పండ్రెండంగములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు అని శాస్త్రమును కూడ చెక్కించిరి. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టి బంకమన్ను నేల, దూరమునుండి వచ్చు తియ్యనినీటి ఏరు, ఏటి నిరుప్రక్కల కొండలు, వాని నడుమ మరీ పొడవుకాని గట్టి రాతికట్ట, వెడల్పును లోతును గల గర్భము, నిడుపైన రాళ్లు దొరకు గని, క్రింద సారవంతమైన పొలములు, నేర్పరులైన పనివాండ్రు - ఇవి ఆ యంగములలో కొన్ని. దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. చవుడునేల, చెరువు నడుమ మిట్ట, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, నీరు కొంచెమై ఆయకట్టు పెద్దదగుట, ఆయకట్టు కొంచెమై నీరు ఎక్కువగుట తక్కినవి.

ఈ దోషముల పట్టికలో నా మనస్సును పట్టినది పొలిమేర మాట. కట్ట ఎంత గట్టిదైనను రెండు రాజ్యముల నడుమనున్న చెరువు నిలువదని వారు తెలిసికొనిరి. నదీజలములకై రాష్ట్రములు నేడును న్యాయస్థానముల చుట్టు తిరుగుచున్న కాలమున ఈ మాటను చదివిన, వారు మనకంటె వెనుకబడినవారని యనుటకు నోరు రాదు.

సంగమవంశమున పిదప వచ్చిన రాజులలో మొదటి దేవరాయలు తుంగభద్రకు ఆనకట్ట కట్టించి నగరమునకు కాలువ తెచ్చెను. దానివలన రాజునకు సాలీనా మూడున్నర లక్షల పరదాల రాబడి పెరిగెనని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. పరదా యనగా వరహాకు పోర్చుగీసులు పెట్టిన పేరు. రెండవ దేవరాయల కాలమున, 1443లో, పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చి నగరమునకు ఏడు ప్రాకారములున్నవని చెప్పెను. మన శ్రీనాథమహాకవికి కనకాభిషేకము జరిగినదని చెప్పెడి సభ ఈ దేవరాయలదే. అటుపిమ్మట వచ్చిన సంగమరాజులు దుర్బలులు. వారి పేర్లు పరీక్షకు తప్ప పనికిరావు.

1485లో చంద్రగిరి ప్రభువగు సాళువ నరసింహరాయలు సింహాసనము నాక్రమించెను. రాజ్యము నశింపకుండ కాపాడుటకే అట్లు చేసెనని కొందరు, స్వామిద్రోహమని కొందరు అందురు. నా యెరుకలో రెండును నిజమే. పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి తన జైమినిభారతమును ఈయనకే అంకితమిచ్చెను. తాళ్లపాక అన్నమాచార్యులు తిరుమలలో కీర్తనలు రచించుచుండిన కాలమును ఇదియే. 1491లో నరసింహరాయలు చనిపోగా అధికారము సేనాని తుళువ నరసానాయకుని చేతికి పోయెను. సాళువ రాకుమారుడు పేరునకు మాత్రమే రాజు. 1505లో ఆ పేరును తొలగిపోయి నరసానాయకుని కుమారుడు వీరనరసింహరాయలు సింహాసనమెక్కెను. 1509లో ఆయన తమ్ముడు కృష్ణదేవరాయలు వచ్చెను.

ఇప్పుడు మన తాడిపత్రి గోపురము క్రిందికి తిరిగి రావలెను. బుగ్గ రామలింగేశ్వరాలయమును పెమ్మసాని రామలింగనాయుడు కట్టించెననియు, పట్టణమునందలి చింతల వేంకటరమణస్వామి ఆలయమును అదే వంశమునకు చెందిన తిమ్మానాయుడు కట్టించెననియు ప్రసిద్ధి. పెమ్మసానివారు గండికోటను ఏలిన అమరనాయకులు. అమరనాయకుడనగా, రాజిచ్చిన సీమను అనుభవించుచు, అందులకు బదులుగా ఇంత సైన్యమును పోషించి, రాజు పిలిచినపుడు యుద్ధమునకు రావలసినవాడు. బుగ్గ గుడి పని 1490 మొదలు 1509 వరకు సాగినదని చెప్పుదురు. అనగా ఏమి? ఇక్కడ శిల్పులు ఉలిపట్టి పనిచేయుచున్న ఇరువదియేండ్లలోనే అక్కడ విజయనగరమున సాళువులు పోయి తుళువలు వచ్చిరి. నాలుగుమార్లు అధికారము చేతులు మారినది. చరిత్రగ్రంథములలో అది రెండు యుగముల నడుమ గోడ. పెన్న యొడ్డున ఉలి చప్పుడునకు మాత్రము ఆ గోడ తెలియదు. "ఏ రాయలు?" అని బాలుడడిగిన ప్రశ్నకు ఒక్కపేరుతో సమాధానము లేకపోయినది ఇందులకే.

చింతల వేంకటరమణస్వామి ఆలయమును చూడనివారు తప్పక చూడవలెను. గర్భాలయపు గోడలమీద రామాయణ భాగవత కథలు వరుసలు వరుసలుగా చెక్కబడియున్నవి. చదువురాని తల్లి బిడ్డను చంకనెత్తుకొని గోడచుట్టు తిరుగుచు కథచెప్పుటకు తగిన పుస్తకము అది. స్వామి నెదుట రాతిరథపు రూపమున గరుడమండపము కలదు. హంపీలోని రాతిరథమును చూచినవారు ఇది దానికి చుట్టమని వెంటనే గుర్తింతురు.

కృష్ణదేవరాయల కాలమును గూర్చి మీరు చాల చదివియుందురు గనుక త్వరగా చెప్పెదను. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టుకొనెను. 1520లో రాయచూరును గెలిచెను. ఆముక్తమాల్యద రచించెను. అందలి రాజనీతిలో చెరువులు కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్నులలో దయచూపిన రాజునకే అర్థమును ధర్మమును వృద్ధియగునను భావమున్నది. ఈయన ఆ మాటను ఆచరించి చూపెను. నేటి హోసపేటకు సమీపమున పెద్దచెరువు కట్టించుచుండగా పోర్చుగీసువాడు డొమింగో పేస్ చూచెను. పదునైదు ఇరువదివేలమంది చీమలవలె పనిచేయుచుండిరనియు, కట్ట రెండు మూడుమార్లు తెగెననియు అతడు వ్రాసెను. ఆ పనికి జోవా దె లా పోంతె అను పోర్చుగీసు శిల్పి సాయపడెను. కరవుసీమ రాజు పరదేశపు పనివానిని పిలుచుకొనుటకు వెనుదీయలేదు.

ఆయన పిదప అచ్యుతదేవరాయలు 1542 వరకు ఏలెను. లేపాక్షి ఆలయపు పైకప్పున కనబడు రంగుచిత్రములు ఈయన కాలపువి. విరూపణ్ణ అను ఉద్యోగి ఆ గుడిని కట్టించెను. తరువాత సదాశివరాయలు రాజు. రాజ్యమంతయు కృష్ణదేవరాయల యల్లుడు రామరాయల చేతిలోనుండెను. దక్కను సుల్తానుల తగవులలో రామరాయలు ఒకప్పుడు ఒకరివైపు, మరియొకప్పుడు మరియొకరివైపు చేరి వారినందరిని విసిగించెను. బిజాపూరు, అహమ్మదునగరము, గోల్కొండ, బీదరు సుల్తానులు నలువురును ఏకమై, రక్తాక్షినామ సంవత్సరమున, 1565 జనవరి 23వ తేదీన కృష్ణానది సమీపమున యుద్ధమొనరించిరి. దానినే తళ్లికోట యుద్ధమందురు, రక్కసి తంగడి యుద్ధమనియు అందురు. వృద్ధుడైన రామరాయలు పట్టువడి చంపబడెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజును, ధనమును వెంటబెట్టుకొని దక్షిణమునకు తరలిపోయెను. నగరము నెలలతరబడి కొల్లగొట్టబడినది. 1567లో అచ్చటికి వచ్చిన వెనిసు వర్తకుడు సీజరు ఫెడెరిచి, ఇండ్లు నిలిచియున్నవిగాని వానిలో నివసించువారు లేరని వ్రాసెను.

చాల పుస్తకములలో విజయనగరచరిత్ర ఇక్కడ ముగియును. 1900లో రాబర్టు సూయల్ ఈ సామ్రాజ్యమును గూర్చి ఆంగ్లమున గ్రంథము వ్రాసి, దానికి మరచిపోయిన సామ్రాజ్యమని పేరిడెను. ఆ గ్రంథము మనకు చేసిన మేలు గొప్పది. కాని హంపీ శిథిలములను చూచి కన్నీరుపెట్టుకొన్నవారు, ఆ రాజును ధనమును ఎక్కడికి పోయినవని వెదకుట తగ్గించిరి. అవి మన సీమకే వచ్చినవి.

తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. కొలదియేండ్లకు తానే సింహాసనమెక్కెను. ఆరవీటివంశము ఆయనతో మొదలు. సీతారామలక్ష్మణుల బొమ్మలుగల ఆయన నాణెములు నేటికిని కనబడుచున్నవి. ఇల్లు కాలినవాడు అడవికి పోయిన రాముని తలంచుకొనుట సహజమేయని నాకు తోచును. ఇది నా యూహ మాత్రమే. అప్పటి పెనుకొండ యొకప్పటి అనంతపురము జిల్లాలోనిదే. 2022లో జిల్లాలు విడదీసినపుడు అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. గోల్కొండ సేనలు వచ్చి పెనుకొండను ముట్టడించెనుగాని కొండకోట లొంగలేదు.

ఆరవీటివారిలో ఎన్నదగినవాడు వేంకటపతిరాయలు. 1586 మొదలు 1614 వరకు ఇరువదియెనిమిదేండ్లు, అనగా కృష్ణదేవరాయలకంటె ఎనిమిదేండ్లు ఎక్కువగా ఏలెను. తెలుగుబాలురలో ఈయన పేరు తెలిసినవారెందరు? రాజధానిని చంద్రగిరికి, పిదప వేలూరునకు మార్చెను. ఒక చిన్నగుర్తు చూడుడు. విజయనగరరాజుల రాగిరేకుల చివర రాజు తన పేరు వ్రాయడు, 'శ్రీవిరూపాక్ష' యని వ్రాయును. సంగమవంశము పోయి సాళువవంశము వచ్చినను, సాళువవంశము పోయి తుళువవంశము వచ్చినను ఆ వ్రాలు మారలేదు. రక్తసంబంధము తెగినను రాజ్యము ఒకటేయని చెప్పుకొనుటకు అదియొక మార్గము. వేంకటపతిరాయల కాలమున ఆ చోట 'శ్రీవేంకటేశ' వచ్చినది. హంపీ దేవుని వ్రాలు పోయి తిరుపతి దేవుని వ్రాలు వచ్చినదన్నమాట. యుగము మారినదని చెప్పుటకు నాకు యుద్ధముకంటె ఈ సంతకమే ఎక్కువ నమ్మదగినదిగా కనబడును.

వేంకటపతిరాయలు చనిపోగానే వారసత్వపు తగవు పుట్టెను. ఒక పక్షమువారు రాజును కుటుంబముతోకూడ చంపించిరి. ఆ తగవు కావేరితీరమున తోపూరు యుద్ధము వరకు పోయెను. అప్పటినుండి నాయకులు ఎవరికివారు రాజులైరి. అయినను పేరు నిలిచియేయున్నది. 1639లో ఇంగ్లీషు వర్తకుడు ఫ్రాన్సిసు డే సముద్రపుటొడ్డున కోట కట్టుకొనుటకు స్థలము సంపాదించినది విజయనగరరాజునకు లోబడిన దామెర్ల వేంకటాద్రినాయకునినుండియే. నేటి చెన్నపట్టణపు పుట్టుక అది. తళ్లికోటలో చచ్చినదని మనము చదివిన సామ్రాజ్యము, డెబ్బదినాలుగేండ్ల పిదప దానపత్రములిచ్చుచున్నది!

1646లో శ్రీరంగరాయలు వేలూరు ప్రాంతమున సుల్తానుల సేనలకు ఓడి, పిమ్మట కెళది శివప్పనాయకుని ఆశ్రయము పొందెను. 1650 ప్రాంతమున గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా గండికోటను పెమ్మసానివారినుండి పట్టుకొనెను. 1652లో అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, మీర్ జుమ్లాను ఆ కోటలోనే చూచెను. తాడిపత్రినుండి పెన్నవెంట దిగువకు పోయిన గండికోట వచ్చును. ఈ గుడులు కట్టినవారి వంశపు రాజ్యము ముగిసినది అక్కడనే. తాడిపత్రివారిని రాయలకాలము ఎప్పుడు ముగిసెనని యడిగినచో, 1565 అని కాక గండికోట పోయిన నాడని చెప్పుటయే న్యాయము.

ఇంత చెప్పినను మన ఊళ్లలోని రాళ్లలో చదువబడక పాడగునవి ఎన్నియో కలవు. నేను పనిచేసిన ఒక పల్లెలో బావి ఒరమీద పెద్ద బండ యుండెడిది. దానిమీద బట్టలుతికెడివారు. ఒకనాటి సాయంకాలము వాలుటెండలో దానిమీద గీతలు కనబడినవి. నీళ్లు చల్లి, సుద్దపొడి రుద్ది, బాలురతో కూర్చుండి చదువ మొదలిడితిని. మొదట "శకవర్షంబులు" అని వచ్చెను. తరువాతి అంకెలు ఉతుకుదెబ్బలకు నున్ననైపోయినవి. మరి నాలుగు పంక్తుల క్రింద "చెఱువు" అను మాటయు, "దశబంధ" అను మాటయు దొరికినవి. రాజు పేరు లేదు, సంవత్సరము లేదు. ఊరి పెద్ద యొకాయన, "అయ్యవారూ! మా తాతనాటినుండి అది ఉతుకుడుబండయే, అందులో వ్రాతలున్నవని మాకెవరు చెప్పిరి?" అనెను. ఆయన యన్నది నిజము. చెప్పవలసినవారము మేము, చెప్పలేదు. మరునాడే ఆయన నలుగురిని పిలిచి ఆ బండను గుడి యరుగుమీదికి చేర్పించెను. నాపరాయి కొరతలేని సీమ గనుక బట్టలుతుకుటకు మరియొక బండ ఆనాడే దొరకినది.

ఆ 'దశబంధ' మను మాటకు అర్థము చెప్పి విరమించెదను. చెరువు కట్టించినవానికి గాని, తెగిన కట్టను బాగుచేసి కాపాడువానికి గాని, ఆ చెరువు క్రింది భూమిలో సామాన్యముగా పదియవవంతు పన్నులేకుండ ఇచ్చెడివారు. దానినే దశబంధము మాన్యమందురు. కట్ట నిలిచినన్నాళ్లే మాన్యము. రాయలు పోయి సుల్తానులు వచ్చిరి, పిదప మొగలాయీలు, మైసూరు నవాబులు, నిజాము వచ్చిరి. 1800లో ఈ సీమ ఇంగ్లీషు కంపెనీవారి వశమైనది. థామసు మన్రో కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండి భూములు కొలిపించెను. ఆ కంపెనీవారి లెక్కలలో కూడ దశబంధపు మాన్యములు కనబడును. నాలుగు వంశములు, నాలుగు రాజధానులు, అటుపైన ఇందరు ప్రభువులు మారినను, కట్టమీద మన్ను వేయువానికి భూమి ఇచ్చెడి ఏర్పాటు చెడలేదు. పోరుమామిళ్ల చెరువు నేటికిని ఉన్నది. ఆ యేడు వానలు కురిసిన, దాని క్రింద వరినాట్లు పడుచునేయున్నవి.